అయస్కాంత క్షేత్రంలో ఫెర్రోఫ్లూయిడ్ తలతన్యత: ఒకే సీసా, మూడు అంకెలు. ఏది నమ్మాలి?

#1 · నల్లద్రవం

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అయస్కాంత ద్రవం (ఫెర్రోఫ్లూయిడ్) తలతన్యత కొలుస్తున్నాను. కిరోసిన్‌లో మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్) నానో కణాలు, వాటికి ఓలియిక్ ఆమ్లం పూత, మామూలుగా దొరికే రకమే. సాంద్రత నేనే తూచి చూశాను: ఘనమీటరుకు 1200 కిలోలు. మూడు వారాల నుంచి ఒకే సీసాలోని ద్రవానికి మూడు అంకెలు వస్తున్నాయి. తల పట్టుకుని కూర్చున్నాను.

క్షేత్రం లేకుండా రింగు పద్ధతిలో (ద్రవంలో ముంచిన తీగ రింగును పైకి లాగే బలం తూచి) కొలిస్తే మీటరుకు 27 మిల్లీన్యూటన్లు. నాలుగుసార్లు చేశాను, కదల్లేదు.

గిన్నెకు అయిదారు సెంటీమీటర్ల కింద పెద్ద డిస్క్ అయస్కాంతం పెడితే ద్రవం ముళ్లు ముళ్లుగా లేచింది కదా, ఆ ముళ్ల మధ్య దూరం 8.1 మి.మీ. సూత్రం అందరికీ తెలిసిందే: తరంగదైర్ఘ్యాన్ని (నేను వేసింది ముళ్ల దూరమే) 6.283తో భాగించి, వర్గం చేసి, సాంద్రతతోనూ గురుత్వ త్వరణంతోనూ గుణించాలి. వచ్చింది 19.6.

అయస్కాంతం తీసేసి, మధ్యలో ఏకరీతి క్షేత్రం ఇచ్చే జంట తీగచుట్టలు, అంటే హెల్మ్‌హోల్జ్ కాయిల్స్‌లో పెట్టాను. ముళ్ల దూరం 11.0 మి.మీ. అదే సూత్రంలో వేస్తే 36.

క్షేత్రంలో తలతన్యత పెరుగుతుందని కొన్ని పేపర్లలో చదివాను. అందుకే 36 చూడగానే సంతోషం వేసింది. మరి అయస్కాంతం మీద 19.6 ఎందుకొచ్చింది? రిపోర్టులో ఏది రాయాలి?

#2 · బీకర్

కాయిల్స్ వేడెక్కుతున్నాయేమో చూడండి. కిరోసిన్ లాంటి హైడ్రోకార్బన్లకు డిగ్రీకి సుమారు 0.1 మిల్లీన్యూటన్ చొప్పున తలతన్యత తగ్గుతుంది. ద్రవం 5 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీన్యూటన్ పోయినట్టే. 27కీ 36కీ మధ్య తేడాకి ఇది కారణం కాదు, పైగా దిశ కూడా ఎదురు. కానీ థర్మామీటర్ పెట్టకుండా కాయిల్ కొలతలు నమ్మొద్దు.

ఇంకోటి, గిన్నె మూత లేకుండా ఎంతసేపు ఉంచుతున్నారు? కిరోసిన్ ఆవిరైపోయే కొద్దీ సాంద్రత పెరుగుతుంది. పొద్దున తూచిన 1200 సాయంత్రానికి 1200 కాదు.

#3 · కేశనాళిక

జవాబు చెప్పే ముందు మూడు సంగతులు చెప్పండి.

ముళ్ల దూరం అంటే సరిగ్గా ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? డిస్క్ అయస్కాంతం మీద ద్రవం ఉన్న ఎత్తులో క్షేత్రం ఎంత, పైకి వెళ్లే కొద్దీ ఎంత చొప్పున తగ్గుతోంది? ఆ క్షేత్రంలో మీ ద్రవం అయస్కాంతీకరణ (మాగ్నటైజేషన్, అంటే ద్రవం తాను ఎంత అయస్కాంతమైంది) ఎంత?

#4 · నల్లద్రవం

మేడమ్, థాంక్స్. పై నుంచి ఫోటో తీసి, పక్కపక్కనే ఉన్న రెండు ముళ్ల మొనల మధ్య కొలిచాను. గిన్నె నడిమధ్యలో 20 జతల సగటు. కాయిల్స్‌లో 16 మిల్లీటెస్లా దగ్గర ముళ్లు లేచాయి, వెంటనే ఫోటో తీశాను.

డిస్క్ మీద, గిన్నె తీసేసి గాస్‌మీటర్ పెడితే, ద్రవం ఉన్న చోట 25 మిల్లీటెస్లా. పైకి జరిపితే మి.మీ.కి 1 మిల్లీటెస్లా చొప్పున పడిపోతోంది. మాగ్నటైజేషన్ కర్వ్ ఉంది. అక్కడ మీటరుకు సుమారు 10 కిలోయాంపియర్లు.

#5 · కేశనాళిక

మీ ద్రవం బాగుంది, రింగూ బాగుంది. లెక్క రెండు చోట్ల జారింది. ఆ రెండు తప్పులూ ఒకటి పైకి, ఒకటి కిందికి లాగడంతో మీకు తికమక అయింది.

మొదటిది, ఈ ప్రయోగం చేసిన ప్రతి ఇద్దరిలో ఒకరైనా పడే గొయ్యి. నేనూ పడ్డాను. ముళ్లు తేనెపట్టు గదుల మధ్యబిందువుల్లా అమరుతాయి. ఒక ముల్లు చుట్టూ ఆరు ముళ్లు. ఈ నమూనా మూడు అలలు ఒకదానికొకటి 60 డిగ్రీల వాలులో కలిసి తయారైంది. ఈ ముళ్ల మీద పరిశోధన చేసిన కౌలీ, రోజెన్స్‌వైగ్ 1967లో ఇచ్చిన సూత్రంలో ఉన్న తరంగదైర్ఘ్యం ఆ ఒక్కొక్క అలది. అంటే ముల్లుకీ ముల్లుకీ మధ్య దూరం కాదు, ముళ్ల వరుసకీ పక్క వరుసకీ మధ్య దూరం. మీ ఫోటో మీద స్కేలు పెట్టి ఒక వరుస వెంబడి గీత గీయండి, పక్క వరుస వెంబడి ఇంకో గీత గీయండి. ఆ రెండు గీతల మధ్య లంబదూరం చూడండి. 11.0 కాదు, 9.5 వస్తుంది. ముళ్ల దూరాన్ని 0.866తో గుణించాలి. వర్గం చేస్తాం కాబట్టి తలతన్యత అసలు విలువకు సరిగ్గా 4/3 రెట్లు వస్తోంది. మీ 36ని 4తో భాగించి 3తో గుణించండి: 27.

రెండోది డిస్క్ అయస్కాంతం సంగతి. దాని క్షేత్రం పైకి పోయే కొద్దీ తగ్గుతుంది కాబట్టి ద్రవాన్ని కిందికి లాగుతుంది. ద్రవానికి అది అదనపు గురుత్వం. ఎంత అదనం? అయస్కాంతీకరణను క్షేత్రం తగ్గే రేటుతో గుణిస్తే చాలు: మీటరుకు 10,000 యాంపియర్లు, మీటరుకు 1 టెస్లా. అంటే ఘనమీటరుకు 10,000 న్యూటన్లు. మీ ద్రవం బరువే ఘనమీటరుకు 11,772 న్యూటన్లు! గురుత్వం దాదాపు రెట్టింపు అయినట్టు. అందుకే ముళ్లు దగ్గరదగ్గరగా వచ్చాయి. 8.1ని 0.866తో గుణించి 7.0 చేసి, 11,772 బదులు 21,772 వేసి చూడండి. మళ్లీ 27.

ముళ్ల దూరంతో తలతన్యత కొలవడం మంచి పద్ధతే. ఎమ్‌ఐటీలో మార్కస్ జాన్ బృందం 2005లో వాడింది ఇదే. కానీ శాశ్వత అయస్కాంతం మీద ముళ్లు చూడటానికి ఎంత బాగుంటాయో కొలవడానికి అంత ఇబ్బంది.

#6 · నల్లద్రవం

మేడమ్, చేతులెత్తి దండం. నిన్ననే ఫోటో ప్రింటు తీసి గీతలు గీశాను. వరుసల మధ్య 9.5 మి.మీ., అచ్చం మీరు చెప్పినట్టే. రెండు లెక్కలూ 27.1 దగ్గరికి వచ్చాయి. మూడు వారాల తర్వాత నిన్న రాత్రి నిద్ర పట్టింది.

కానీ కొత్త చిక్కు. అలాగైతే క్షేత్రంలో తలతన్యత మారదన్నమాటేనా? పొద్దున కాయిల్స్ మధ్యలో రింగు పెట్టి, ముళ్లు లేవక ముందే, 12 మిల్లీటెస్లా నిలువు క్షేత్రంలో కొలిచాను. 31 వచ్చింది. ఇక్కడ ముళ్లూ లేవు, వరుసలూ లేవు. మరి ఇది పెరగడం కాదా?

#7 · బొట్టుబొట్టు

నా దగ్గర దీనికి పూర్తిగా ఎదురు ఫలితం ఉంది. వేలాడే బొట్టు పద్ధతిలో పనిచేస్తాను. సూది చివర బొట్టును వేలాడదీసి, ఫోటో తీసి, ఆకారం నుంచి సాఫ్ట్‌వేర్ తలతన్యత లెక్క కడుతుంది. దాదాపు ఇలాంటి ద్రవమే. నిలువు క్షేత్రం పెంచే కొద్దీ సాఫ్ట్‌వేర్ అంకె 27 నుంచి 22కి దిగింది. బొట్టు కళ్ల ముందే దోసగింజలా సాగుతోంది. మీకు పెరిగింది, నాకు తగ్గింది. క్షేత్రం దిశ ఇద్దరికీ ఒకటే.

#8 · సున్నాక్షేత్రం

ఈ ఇద్దరి కొలతలూ నిజమే, కానీ రెండూ తలతన్యత కొలతలు కావు.

అయస్కాంత ద్రవం ఉపరితలానికి లంబంగా అయస్కాంతీకరణ ఉంటే, అక్కడ లోపలి నుంచి బయటికి లాగే ఒక పీడనం పుడుతుంది. దాని విలువ ఆ లంబ భాగం వర్గానికి అనులోమానుపాతం. నల్లద్రవం గారి ద్రవంలో ముళ్లు లేచే సమయానికి అయస్కాంతీకరణ మీటరుకు సుమారు 6.7 కిలోయాంపియర్లు అనుకుంటే ఈ పీడనం 28 పాస్కల్ అవుతుంది. ఇప్పుడు 1 మి.మీ. వ్యాసార్థమున్న బొట్టులో తలతన్యత వల్ల వచ్చే పీడనం ఎంత? 54 పాస్కల్. సగానికి పైగా ఉన్న ఇంకో పీడనం వచ్చి కూర్చుంటే, దాని ఊసే తెలియని సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? సాగిన బొట్టును చూసి ‘తన్యత తగ్గింది, గురుత్వం గెలిచింది’ అనుకుంటుంది. 22 అందుకే వచ్చింది.

రింగు దగ్గర జరిగేది వేరు. రింగు పైకి లాగుతున్నప్పుడు దానితో పాటు ద్రవం సన్నటి గోడలా లేస్తుంది. నిలువు క్షేత్రంలో ఆ గోడా, కింద ఉన్న ద్రవమూ ఒకే దిశలో అయస్కాంతాలు. ఒక దండయస్కాంతాన్ని అడ్డంగా విరిచి, ఆ రెండు ముక్కలనూ విడదీయాలంటే ఎంత బలం కావాలో తెలుసు కదా. మీ త్రాసు ఆ బలాన్ని కూడా కలిపి చూపిస్తోంది. అందుకే 31.

కాబట్టి ఏ పరికరం వాడాలన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, క్షేత్రానికీ ఉపరితలానికీ మధ్య కోణం. కొలిచే చోట ఉపరితలమంతా క్షేత్రానికి సమాంతరంగా ఉండి, క్షేత్రం ఏకరీతిగా ఉంటే, లంబ భాగం సున్నా, లాగే పీడనం సున్నా. మిగిలేది తలతన్యత ఒక్కటే. ఉపరితలం ఏ దిశలో వంపు తిరగదో ఆ దిశలో క్షేత్రాన్ని పెట్టండి. నిలువు క్షేత్రంలో తలతన్యత కొలవాలనుకోవడం, నా ఉద్దేశంలో, మొదటి నుంచీ దారి తప్పిన ప్రయత్నం.

#9 · బొట్టుబొట్టు

దారి తప్పిందంటే ఒప్పుకోను. అయస్కాంత పీడనాన్ని కూడా కలిపి బొట్టు ఆకారం లెక్క కట్టవచ్చు. స్వేచ్ఛగా తేలే చిన్న బొట్టు, తక్కువ క్షేత్రం అయితే సులువైన సూత్రమే ఉంది. సాగుడు ఎంత అన్నది క్షేత్రం వర్గానికీ బొట్టు వ్యాసార్థానికీ అనులోమంగా, తలతన్యతకు విలోమంగా ఉంటుంది. ససెప్టబిలిటీ (క్షేత్రానికి ద్రవం ఎంత సులువుగా అయస్కాంతమవుతుందన్న అంకె) తెలిస్తే తలతన్యత వచ్చేస్తుంది. ఈ పద్ధతితో ఎంతోమంది కొలిచారు.

#10 · సున్నాక్షేత్రం

నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తక్కువ క్షేత్రంలో మీ పద్ధతి సరైనదే. అయితే నల్లద్రవం గారి ప్రశ్న ‘తలతన్యత క్షేత్రంతో మారుతుందా’ అన్నది. సాగుడు నుంచి లెక్క కట్టినప్పుడు ససెప్టబిలిటీలో చిన్న పొరపాటున్నా అది తలతన్యత మార్పు వేషం కట్టుకుని వస్తుంది. రెంటినీ విడదీయలేం. ముళ్లు ఏ క్షేత్రంలో లేచాయన్న దాన్నిబట్టి లెక్క కడితే ఇంకా ఘోరం. అక్కడ తలతన్యత అయస్కాంతీకరణ నాలుగో ఘాతంతో పోతుంది. అయస్కాంతీకరణలో 5 శాతం తప్పు, తలతన్యతలో 20 శాతం దాటుతుంది. ఆ లెక్కన ముళ్ల దూరమే నయం.

#11 · అలజడి

సున్నాక్షేత్రం గారు చెప్పిన కోణం మాట అలల్లో చాలా అందంగా కనబడుతుంది. ద్రవం తలానికి సమాంతరంగా, అడ్డంగా క్షేత్రం పెట్టి అలలు పుట్టించండి. క్షేత్రం వెంబడి పరుగెత్తే అలను క్షేత్రం బిగదీస్తుంది, వేగం పెరుగుతుంది. క్షేత్రానికి లంబంగా పరుగెత్తే అల శిఖరరేఖలు క్షేత్రం వెంటే పడుకుని ఉంటాయి, దానికి క్షేత్రం ఉన్నట్టే తెలియదు. జెలాజో, మెల్చర్ 1969లోనే అడ్డ క్షేత్రంలో ఈ ఉపరితలాల కదలికను లెక్కలతోనూ ప్రయోగంతోనూ చూపించారు. ఒకే గిన్నెలో, ఒకే క్షేత్రంలో, అలలు పుట్టించే పలకను 90 డిగ్రీలు తిప్పితే చాలు. ఒక దిక్కున అయస్కాంతం, ఒక దిక్కున అచ్చంగా తలతన్యత.

మీ ద్రవానికి 38 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 5 మి.మీ. వస్తుంది. స్నిగ్ధత వల్ల అల మూడు తరంగదైర్ఘ్యాలు వెళ్లేసరికే చాలావరకు చచ్చిపోతుంది, కాబట్టి కెమెరా దగ్గరగా ఉండాలి. తలతన్యత 10 శాతం మారితే తరంగదైర్ఘ్యం మారేది 0.15 మి.మీ. మాత్రమే. పెద్ద మార్పు ఉందా లేదా తేల్చడానికి పనికొస్తుంది, 1 శాతం తేల్చడానికి కాదు.

#12 · తూకంరాయి

1 శాతం కావాలంటే పలక పద్ధతికి రండి, అంటే ద్రవాన్ని తాకే పలకను తలతన్యత కిందికి లాగే బలాన్ని తూచడం. రింగు పక్కన పెట్టండి.

20 మి.మీ. వెడల్పు, 0.1 మి.మీ. మందం ఉన్న ప్లాటినం పలక నిలువుగా వేలాడదీస్తే, తడిసే చుట్టుకొలత 40.2 మి.మీ. మీ ద్రవానికి త్రాసు మీద 111 మిల్లీగ్రాములు పడుతుంది. 1 శాతం అంటే ఒక మిల్లీగ్రాము పైచిలుకు. మామూలు ఎనలిటికల్ బ్యాలెన్స్ దీన్ని కళ్లు మూసుకుని చూపిస్తుంది. పలక రెండు వైపులా ద్రవం వంపు తిరిగి పైకి పాకుతుంది, కానీ వెడల్పు వెంబడి ఎక్కడా వంపు లేదు. క్షేత్రాన్ని ఆ వెడల్పు వెంబడి అడ్డంగా పెట్టండి. సున్నాక్షేత్రం గారి షరతు, రెండు చివర్లు తప్ప, అంతటా తీరిపోతుంది.

జాగ్రత్తలు చెబుతాను, ఇవన్నీ చేతులు కాలాక తెలిసినవే. త్రాసు లోపల కూడా అయస్కాంతం, కాయిల్ ఉంటాయి. మీ కాయిల్స్ క్షేత్రం దాన్ని తాకితే అంకె అబద్ధమాడుతుంది. త్రాసును ఎత్తులో పెట్టి, అడుగున ఉండే కొక్కెం నుంచి పొడవాటి నైలాన్ దారంతో పలకను దించండి. ముందు పొడి పలకతోనే క్షేత్రం వేసి, తీసి చూడండి. అంకె కదిలితే ద్రవం జోలికి వెళ్లొద్దు. కొందరు ప్లాటినానికి బదులు ఫిల్టర్ పేపర్ వాడతారు, బాగా తడుస్తుందని. ఇక్కడ వద్దే వద్దు. కాగితం ఫెర్రోఫ్లూయిడ్ పీల్చుకుని తానే అయస్కాంత వస్తువైపోతుంది. పలకను గరుకు చేసి, ప్రతిసారీ ద్రావకంతో కడిగి, మంట మీద ఎర్రగా కాల్చి వాడండి, స్పర్శకోణం (ద్రవం పలకను తాకే కోణం) సున్నా దగ్గర ఉంటుంది.

#13 · బీకర్

ఒక సందేహం. అందరూ తలతన్యత అసలు మారదన్నట్టు మాట్లాడుతున్నారు. క్షేత్రంలో కణాలు గొలుసులు కడతాయి కదా, ఉపరితలం దగ్గర కూడా కట్టవచ్చు కదా. పెరిగిందని రాసిన పేపర్లన్నీ కోణం తప్పుల వల్లేనని తీసిపారేయడం న్యాయమేనా?

#14 · సున్నాక్షేత్రం

మంచి ప్రశ్న, తీసిపారేయను. ఎంత మారవచ్చో అంచనా వేసి చూద్దాం.

క్షేత్రం పెంచినప్పుడు తలతన్యత ఎంత మారుతుందన్నది ఉపరితలం దగ్గర ఉన్న పల్చని పొరలో అయస్కాంతీకరణ లోపలి ద్రవం కంటే ఎంత ఎక్కువ, లేక ఎంత తక్కువ అన్న దాని మీద ఆధారపడుతుంది. కణాలు 10 నానోమీటర్ల సైజువి. ఒక్క కణం మందమున్న పొరలో తేడా మీటరుకు 10 కిలోయాంపియర్లు, క్షేత్రమూ అంతే అనుకుంటే, మార్పు మీటరుకు 0.001 మిల్లీన్యూటన్. మీ 27లో 20 వేల వంతుల్లో ఒక వంతు. మామూలు త్రాసుకి అందదు. అందుకే 27 కాస్తా 31 అయిందంటే నేను ముందు కోణమే అడుగుతాను.

అదే గొలుసులు కట్టి, గుంపులు చేరి, ఆ పొర మందం 1 మైక్రోమీటర్ అయితే మార్పు వంద రెట్లు: 0.1 మిల్లీన్యూటన్ పైన, అంటే అర శాతం. తూకంరాయి గారి పలకతో దాన్ని వెతకవచ్చు. ఇక ద్రవం రెండుగా విడిపోయి, చిక్కటి బొట్లు పల్చటి ద్రవంలో తేలే సందర్భం ఒకటుంది. ఆ రెంటి మధ్య తన్యతే మీటరుకు 0.001 మిల్లీన్యూటన్ స్థాయిలో ఉంటుంది. అక్కడ క్షేత్రం ప్రభావం చిన్నదని ఎవరూ అనలేరు. మీ ప్రశ్నకు అసలైన చోటు అది.

#15 · నల్లద్రవం

పది రోజులు మాయమైనందుకు క్షమించండి. పలక అరువు తెచ్చుకుని, త్రాసును రెండు స్టాండ్ల మీద ఎక్కించి, దారం కట్టి చేశాను. పొడి పలకతో మొదటిరోజు అంకె 3 మిల్లీగ్రాములు కదిలింది. దారం చివర కట్టిన కొక్కెం స్టీలుది! రాగి తీగతో మార్చాక ఆగిపోయింది.

క్షేత్రం లేనప్పుడు 110.8 మిల్లీగ్రాములు. వెడల్పు వెంబడి 16 మిల్లీటెస్లా పెట్టినప్పుడు 111.3. వెనక్కి సున్నాకి తెస్తే 110.7. గిన్నెను కదపకుండా కాయిల్స్‌ను మాత్రం 90 డిగ్రీలు తిప్పి, క్షేత్రం పలక ముఖానికి లంబంగా పెడితే 4 మిల్లీగ్రాములకు పైగా తేడా వచ్చింది. ద్రవం ఉష్ణోగ్రత మొత్తం మీద అర డిగ్రీ లోపే మారింది. బీకర్ గారు చెప్పాక గిన్నెకు దారం పట్టేంత సందున్న మూత కూడా పెట్టాను.

ఆ అర మిల్లీగ్రాము నిజంగా తలతన్యత పెరగడమా, పలక రెండు చివర్ల దగ్గర వంపు వల్ల వచ్చిందా?

#16 · కేశనాళిక

చాలా శ్రద్ధగా చేశారు, చదువుతుంటే సంతోషంగా ఉంది. చివర్ల సంగతి తేల్చడానికి లెక్కలు అక్కర్లేదు. 40 మి.మీ. వెడల్పు పలక ఒకటి సంపాదించండి, అదే మందం. చివర్ల ప్రభావం రెండు పలకలకూ దాదాపు ఒకటే. పెద్ద పలక అంకెలోంచి చిన్న పలక అంకె తీసేస్తే మధ్యలో ఉన్న 20 మి.మీ. ముక్క ఒక్కటే మిగులుతుంది. ఆ తీసివేత క్షేత్రంలోనూ, క్షేత్రం లేకుండానూ చేయండి. అర మిల్లీగ్రాము అప్పటికీ మిగిలితే బీకర్ గారి గొలుసుల గురించి మాట్లాడదాం. కాయిల్స్ మధ్య ఏకరీతి క్షేత్రం 40 మి.మీ. వరకూ ఉందో లేదో ముందు గాస్‌మీటర్‌తో చూసుకోండి.

#17 · నల్లద్రవం

చూశాను మేడమ్. నడిమధ్య 50 మి.మీ. వరకు 1 శాతం లోపే తేడా. పెద్ద పలక సోమవారం వస్తుంది. ఈలోగా వరుసల మధ్య గీతలు గీసిన ఆ ఫోటోను రిపోర్టులో మొదటి పటంగా పెట్టాను, కింద రెండు లెక్కలూ పక్కపక్కన రాసి.